ఏలీ చేసిన పొరపాటు



షిలోహు మందిరములో తన ఆసనము మీద కూర్చున్న వృద్ధుడైన ఏలీ ఒక స్త్రీని కనిపెట్టి చూచుచుండెను. ఆమె పెదవులు మాత్రము కదలుచున్నవి. స్వరము వినబడుట లేదు. ఈమె త్రాగి మత్తురాలై యున్నదని తలంచి ఆయన ఆమెను గద్దించెను. ఏలీ దుష్టుడు కాడు. నలువది సంవత్సరములు ఇశ్రాయేలీయులకు న్యాయము తీర్చినవాడు. ప్రార్థన యనగా నేమో తెలియనివాడును కాడు. అయినను పెదవులను చూచి హృదయమును గూర్చి తీర్పు చెప్పెను. ఆ పొరపాటే నేటికిని మన ప్రసంగ పీఠముల మీద జరుగుచున్నదని చెప్పుటకే ఈ మాటలు వ్రాయుచున్నాను.

మొన్న కోతలైన తరువాత మా ప్రాంతమున మూడు రాత్రులు ఉజ్జీవ కూటములు జరిగినవి. వచ్చిన ప్రసంగీకుడు మంచి వాగ్ధాటి గలవాడు. రెండవ రాత్రి ప్రార్థనను గూర్చి మాటలాడుచు యూదులను ఎత్తుకొనెను. వారు దినమునకు మూడు మారులు ఒకే పుస్తకము తెరచి ఒకే మాటలు వల్లించుదురట. వారిది చిలుక ప్రార్థనయట. పెదవులే గాని హృదయము లేదట. చిలుక పలికినట్లు పలికి కూడ చూపించెను. పందిరి క్రింద జనులందరు నవ్విరి. వేదిక మీద కూర్చున్న నేనును నవ్వితిని. దాచనేల? సెమినరీ నుండి వచ్చిన క్రొత్తలో ఈ మాటనే నేనును ఎన్ని ఊళ్లలో చెప్పితినో లెక్క లేదు.

కూటము ముగిసి లాంతర్లు దించుచుండగా సంఘపు పెద్ద ఒకడు నా యొద్దకు వచ్చెను. అక్షరములు రానివాడు. "అయ్యగారూ, మరి మనం ఆదివారం ఆదివారం చెప్పే పరలోక ప్రార్థన కూడా చిలక పలుకేనా?" అని అడిగెను. ఎగతాళిగా అడుగలేదు. నిజముగానే తెలిసికొనగోరి అడిగెను. నేను జవాబు చెప్పలేకపోతిని.

ఆ రాత్రి నుండి ఈ సంగతిని వెదకుచున్నాను. వెదకిన కొలది సిగ్గు కలుగుచున్నది.

మొదట మనము చూపించు వాక్యములనే చూతము. వ్యర్థమైన మాటలు వచింపవద్దని ప్రభువు కొండమీద చెప్పినప్పుడు ఎవరిని ఉదాహరణగా చూపెను? మత్తయి సువార్త ఆరవ అధ్యాయము ఏడవ వచనము తెరచి చదువుము. అక్కడ నున్నది అన్యజనులు. యూదులు కారు. ఆ వెంటనే ఆయన చేసిన పని యేమి? శిష్యులకు ఒక ప్రార్థనను మాటలతో సహా నేర్పెను. ఇక యెషయా ఇరువది తొమ్మిదవ అధ్యాయములో పెదవులు దగ్గర, హృదయము దూరము అను గద్దింపు ఉన్నది. నిజమే. అయితే గద్దించినవాడు యూదుడు. ఆ గద్దింపును చెరిపివేయక తరతరములుగా చేతివ్రాతతో కాపాడి మన చేతికి అందించినవారును యూదులే. తన తప్పును చూపు మాటను ఏ యింటివారు అంత జాగ్రత్తగా పెట్టెలో దాచుకొందురు?

ఇప్పుడు వారు చేయు ప్రార్థనను చూతము. భక్తిగల యూదుడు ఉదయమున, మధ్యాహ్నము తరువాత, రాత్రి, ఈ మూడు వేళల ప్రార్థించును. దానియేలు మేడగదిలో యెరూషలేము తట్టు కిటికీలు తెరచుకొని ముమ్మారు మోకాళ్లూనినది నీకు తెలిసిన సంగతియే. ఉదయమును రాత్రియు షెమా అనునది చదువుదురు. అది ద్వితీయోపదేశకాండము ఆరవ అధ్యాయమునుండియు, పదునొకండవ అధ్యాయమునుండియు, సంఖ్యాకాండము పదునైదవ అధ్యాయమునుండియు తీసిన మూడు భాగములు. మొదటి వచనము చెప్పునప్పుడు కుడిచేతితో కన్నులు మూసికొందురు. ఎందుకు? చూపు చెదరకుండుటకు. తరువాత నిలువబడి చేయు ప్రార్థన అమీదా. దీనికి పదునెనిమిది అను పేరు కలదు. ఒకటి తరువాత చేరినందున ఇప్పుడు ఉన్నవి పందొమ్మిది స్తుతులు. మూడు అడుగులు ముందుకు వేసి, పాదములు జోడించి, యెరూషలేము తట్టు తిరిగి, తనకు మాత్రమే వినబడునంత మెల్లగా పలుకవలెను. ఆ మెల్లని పలుకు ఎవరి యొద్ద నేర్చుకొనిరని అడిగితివా? వారి తాల్మూదు జవాబిచ్చుచున్నది: హన్నా యొద్ద. పెదవులు కదలుట, స్వరము వినబడకుండుట, హృదయములో మాటలాడుట, ఇవన్నియు ఆ స్త్రీని చూచి నియమములుగా తీసికొనిరి. ఏలీ కంటికి మత్తుగా కనబడినది యూదులకు ప్రార్థన పాఠమాయెను.

ఇక్కడ ఒక హెబ్రీ మాట నేర్చుకొనుము. కవ్వానా. గురి, హృదయమును సూటిగా నిలుపుట అని దాని భావము. హన్నా కుమారుడైన సమూయేలు మిస్పాకు ముందు ప్రజలతో, మీ హృదయములను యెహోవాయందు నిలుపుడని చెప్పినప్పుడు వాడిన మాట ఈ ధాతువులోనిదే. విల్లు పట్టినవాడు బాణము వదలుటకు ముందు కన్ను నిలుపునట్లు, పెదవి విప్పుటకు ముందు హృదయము నిలువవలెను. ఇది మనవంటి బయటివారు వారికి చెప్పవలసిన బుద్ధి కాదు. క్రీస్తు తరువాత సుమారు 200వ సంవత్సరమున కూర్చబడిన మిష్నా గ్రంథములోనే ప్రార్థనను గూర్చిన భాగమున ఈ మాట మరల మరల వచ్చును. తన ప్రార్థనను చెల్లింపవలసిన బాకీ వలె చేసికొనువాని ప్రార్థన విన్నపమే కాదని రబ్బీ ఎలియెజెరు తీర్పు. పూర్వపు భక్తులు ప్రార్థనకు ముందు ఒక గంట సేపు ఊరకే కాచుకొని యుండెడివారట, హృదయమును దేవుని తట్టు త్రిప్పుకొనుటకు. ఒక గంట! మనము ఆరాధనకు గంట కొట్టిన తరువాత ఇంటి యొద్ద చెప్పులు వెదకుకొందుము.

పండ్రెండవ శతాబ్దమున ఐగుప్తులో వైద్యుడుగా నుండి 1204లో మరణించిన మోషే బెన్ మైమోను వారి ధర్మశాస్త్ర పండితులలో మిక్కిలి గొప్పవాడు. ఆయన నిర్ణయము ఇంకను కఠినమైనది: కవ్వానా లేని ప్రార్థన ప్రార్థనయే కాదు, అట్లు ప్రార్థించినవాడు తిరిగి ప్రార్థింపవలెను. మనస్సు కలతగా నున్నవాడు అది నెమ్మది పడువరకు ప్రార్థింపరాదు. ప్రయాణము చేసి అలసి వచ్చినవాని విషయమై పూర్వపు రబ్బీలు మూడు దినముల గడువు చెప్పిరని కూడ వ్రాసెను. కవ్వానా యనగా నేమని తానే ప్రశ్న వేసికొని, ఇతర తలంపులను హృదయమునుండి తీసివేసి దేవుని సన్నిధిని నిలిచియున్నట్లు తన్ను చూచుకొనుట అని వివరించెను. ఇదేనా చిలుక మతము? చిలుకకు తిరిగి పలుకుమని ఎవడైన ఆజ్ఞాపించునా?

ఎదుటివారు ఊరకుండరని నాకు తెలియును. "పుస్తకములో ఎన్నియైనను ఉండవచ్చును. సమాజ మందిరములో జనులు గబగబ చదివి అంగళ్లకు పోవుట లేదా?" అందురు. పోవుచున్నారు. ఆ సంగతిని మనకంటె ముందుగా ఒప్పుకొన్నవారును వారే. యెరూషలేము తాల్మూదు అనబడు గ్రంథములో ఒక పుట ఉన్నది. అది చదివినప్పుడు నాకు మొదట నవ్వు వచ్చెను, తరువాత కన్నీళ్లు వచ్చెను. గొప్ప రబ్బీలు కూర్చుండి తమ ప్రార్థనలను గూర్చి ఒప్పుకొనుచున్నారు. రబ్బీ హియ్యా తన దినములన్నిటిలో కవ్వానా నిలువలేదనియు, ఒక్కమారు నిలుపబోగా రాజు సముఖమునకు ఏ అధికారి ముందు పోవును, ఎవడు వెనుక పోవును అను ఆలోచన వచ్చెననియు చెప్పెను. సమూయేలు అను పండితుడు తాను ప్రార్థనలో పక్షిపిల్లలను లెక్కించితినని చెప్పెను. మరియొకడు గోడలోని వరుసలు లెక్కపెట్టెనట. చివరకు రబ్బీ మత్తన్యా తన తలకు కృతజ్ఞుడనని చెప్పెను. ఏలయనగా, వందనములు చెల్లించు స్తుతి రాగానే మనస్సు ఎక్కడ తిరుగుచున్నను తల తనంతట తానే వంగుచున్నదట!

చదువరీ, ఏ సంఘపు చరిత్రలోనైన ఇట్టి పుట నీవు చదివితివా? ముప్పది సంవత్సరములుగా నేను ప్రార్థన నడిపించుచున్నాను. కన్నులు మూసి బిగ్గరగా ప్రార్థించుచునే పాకలోని గేదె ఈనినదో లేదో అని తలంచిన దినములున్నవి. ఆ మాట ఏ కూటములోను నేను సాక్ష్యముగా చెప్పలేదు. ఆ రబ్బీలు చెప్పిరి. వారి శిష్యులు దానిని పరిశుద్ధ గ్రంథములతో పాటు భద్రపరచిరి. వేషధారులు అట్లు చేయరు.

మరియు ఈ బలహీనతను ఎరిగియే వారి పెద్దలు నియమములను దిద్దిరి. 1565లో వెనీసులో అచ్చయిన షుల్హాన్ ఆరూఖ్ అను ధర్మగ్రంథము, అన్ని స్తుతులలో మనస్సు నిలుపవలెననియు, చేతకానియెడల మొదటి దానిలోనైనను నిలుపవలెననియు చెప్పుచున్నది. దానికి పోలండు దేశములోని క్రాకోవు రబ్బీ మోషే ఇస్సెర్లెసు ఒక మాట చేర్చెను: కవ్వానా తప్పినందుకు ఈ కాలమున తిరిగి ప్రార్థింపము, ఎందుకనగా రెండవమారు మాత్రము నిలుచునని నమ్మకమేమి? మైమోను గారి కఠినమైన తీర్పుకును దీనికిని ఎంత దూరమో చూడుము. ఒకడు కొండ శిఖరమును చూపెను. మరియొకడు ఎక్కువాని మోకాళ్లను చూచెను. నా మట్టుకు నాకు క్రాకోవు రబ్బీ మాటలో మనుష్యుల యెడల ఎక్కువ దయ కనబడుచున్నది.

అట్లయిన సొంత మాటలతో ప్రార్థింపరాదా, ఈ పుస్తకమెందుకు? ఇది అసలైన ప్రశ్న. మైమోను దీనికి చెప్పిన కారణము మన పల్లె సంఘములకు బాగుగా అర్థమగును. ఆదిలో ఎవరి మాటలతో వారు ప్రార్థించిరనియు, చెరలోనికి పోయి అన్యదేశములలో పిల్లలను కన్న తరువాత ఆ పిల్లల భాష కలగాపులగమై, తమకు కావలసినది ఏ భాషలోను చక్కగా అడుగలేకపోయిరనియు ఆయన వ్రాసెను. నెహెమ్యా పదుమూడవ అధ్యాయములో సగము అష్డోదు భాష మాటలాడు పిల్లల సంగతి ఉన్నది గదా. అప్పుడు ఎజ్రాయు ఆయన సభవారును స్తుతులను వరుసగా కూర్చి, మాట నేర్పరికిని మాట తడబడువానికిని సమానముగా అందించిరని ఆయన చెప్పుచున్నాడు. అనగా ఈ ప్రార్థన పుస్తకము నోరు కట్టుటకు కాదు, నోరు లేనివానికి నోరిచ్చుటకు.

పుస్తకములో సొంత మనవికి చోటు లేదనుకొనవద్దు. నాకు తెలియక పూర్వము నేనును అట్లే అనుకొంటిని. పందొమ్మిదింటిలో మొదటి మూడును స్తుతి, చివరి మూడును వందనము. నడుమనున్న పదుమూడును మనవులు. స్వస్థతను గూర్చిన స్తుతి వచ్చినప్పుడు తన యింటిలోని రోగిని తలంచుకొని అక్కడ మనవి చేయవచ్చును. పంటను, బ్రదుకుతెరువును గూర్చిన స్తుతిలో తన లోటు చెప్పుకొనవచ్చును. ప్రార్థన ఆలకించువాడా అను స్తుతిలో ఏది కావలసిన అది అడుగవచ్చును. పూర్వపు రబ్బీలు అమీదా ముగిసిన తరువాత తమ తమ సొంత ప్రార్థనలు చేర్చుకొనెడివారు. వాటిలో ఒకటి ఇప్పటికిని అందరి పుస్తకములలోను చివర అచ్చగుచున్నది. నిన్నటి మాటలే నేడును. కాని నిన్న బిడ్డకు జ్వరము లేదు, నేడు ఉన్నది. తల్లి స్వస్థత అను మాట యొద్దకు వచ్చినప్పుడు అది నిన్నటి మాటయేనా?

వాన సంగతి కూడ చెప్పవలెను, మన రైతు సోదరులకు. ఆ పంట స్తుతిలో వానకొరకు అడుగు మాట సంవత్సరమంతయు ఉండదు. కాలమును బట్టి చేర్తురు. పర్ణశాలల పండుగ ముగియగానే ఇశ్రాయేలు దేశమునకు వాన కావలెను. అయినను వారు వెంటనే అడుగరు. పదునైదు దినములు ఆగి హెష్వాను నెల ఏడవ దినమున మొదలు పెట్టుదురు. ఎందుకనగా పూర్వము పండుగకు యెరూషలేమునకు వచ్చి తిరిగి పోవుచున్న యాత్రికులలో కడపటివాడు యూఫ్రటీసు నది చేరువరకు త్రోవలో తడియకూడదు. దేవాలయము పోయి దాదాపు రెండువేల సంవత్సరములైనది, ఆ యాత్రికుడు లేడు. ఆ నియమము నిలిచియున్నది. నా పొలము ఎండినను బాటసారి యిల్లు చేరువరకు నోరు తెరువకుండుట హృదయము లేని ప్రార్థనయా? మనము వానకొరకు ప్రార్థించునప్పుడు ఇల్లు కప్పుకొనని ప్రక్కవానిని తలంచితిమా?

మన ప్రసంగీకునికి అనుకూలముగా కనబడు కథ యొకటి కూడ వారి గ్రంథములలోనే ఉన్నది. దాచుట న్యాయము కాదు. 1217లో మరణించిన జర్మనీ దేశపు భక్తుడగు యెహూదా పేర వెలసిన భక్తుల గ్రంథములో ఒక పశువుల కాపరి కలడు. వానికి ప్రార్థన రాదు. దినదినము, ప్రభువా, నీకు పశువులుండి నాకు మేపుటకిచ్చినయెడల అందరి యొద్ద కూలి తీసికొందును గాని నీ యొద్ద తీసికొనను, నిన్ను ప్రేమించుచున్నాను గనుక, అను భావముతో మాటలాడుచుండెను. దారిన పోవు పండితుడొకడు విని, మూర్ఖుడా అట్లు ప్రార్థింపరాదని క్రమమైన ప్రార్థనలు నేర్పి పోయెను. కాపరి వాటిని మరచెను. తన మాట చెప్పుటకు భయపడి అదియు మానెను. అప్పుడు పండితునికి కలలో గద్దింపు వచ్చెను: పోయి వానిని తన మాటనే చెప్పుకొనుమనుము. చూచితివా, ఆ కలలో తప్పు పుస్తకముది కాదు, కాపరి హృదయమును వినక తీర్పు చెప్పిన పండితునిది. ఆయన కూడ ఏలీ వంటివాడే. చిలుక అని నవ్వినవాడును, మూర్ఖుడా అని గద్దించినవాడును ఒకే ఆసనము మీద కూర్చున్నారు.

ఉక్రెయిను దేశపు బ్రెస్లవు రబ్బీ నహ్మాను (1772–1810) తన శిష్యులకు క్రమమైన మూడు వేళల ప్రార్థనతో పాటు ప్రతిదినము ఏకాంతమున, పొలములోనైనను గదిలోనైనను, ఇంటిలో మాటలాడు భాషలోనే దేవునితో తన కష్టసుఖములు చెప్పుకొనవలెనని నేర్పెను. ఒకదానిని తీసివేసి మరియొకటి పెట్టలేదు. వార్సాలో 1907లో పుట్టి అమెరికాలో బోధించిన అబ్రహాము యెషూవా హెషెలు 1954లో ప్రార్థనను గూర్చి వ్రాసిన గ్రంథములో రెండు మార్గములు చూపెను. హృదయము నిండి మాటగా పొంగుట ఒకటి. ఎదుటనున్న మాటలోనికి మనుష్యుడు ప్రవేశించి, ఆ మాట హృదయమును మేలుకొలుపుట రెండవది. ఎండిపోయిన దినములలో మొదటి మార్గము మూసికొనిపోవును. అప్పుడేమి చేయుదుము? మనలో అనేకులము ప్రార్థన మానుదుము. వారు పుస్తకము తెరచి నిలువబడుదురు.

మన సొంత ప్రార్థనలు మాత్రము ఎంత క్రొత్తవి? ప్రేమగల పరలోకపు తండ్రీ, ఈ దినము వరకు మమ్మును సజీవుల లెక్కలో ఉంచినందుకు అను మాట లేని ప్రార్థన మన సంఘములలో ఎన్నడైన వింటివా? దానిని నేను తప్పు పట్టుట లేదు. మా తల్లి ఆ మాటతోనే మొదలు పెట్టెడిది; ఆమెకు ఏడుగురు బిడ్డలు పుట్టగా నలుగురే మిగిలిరి గనుక సజీవుల లెక్క అనునది ఆమె నోట లెక్కయే. అచ్చు లేని పుస్తకము మనకును ఉన్నది. యూదులది అచ్చయినది, అంతే తేడా.

ఈ సంగతి ఏదో దూరదేశపుది, మనకెందుకు అందువేమో. గుంటూరు సీమలో చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెములో బెనె ఎఫ్రాయిము అని తమ్మును పిలుచుకొని, విశ్రాంతి దినము ఆచరించుచు, హెబ్రీ ప్రార్థనలు నేర్చుకొను తెలుగు కుటుంబములు కలవు. మన ప్రసంగీకుడు పలికిన చిలుక పలుకు వారి చెవినిబడినయెడల వారు మన ప్రభువును గూర్చి ఏమనుకొందురు? ఆ ప్రభువు యూదుల సమాజ మందిరమునకు తన వాడుక చొప్పున పోయినవాడు. ఆజ్ఞలలో ప్రధానమైనది ఏదని శాస్త్రి అడుగగా క్రొత్త మాట కల్పింపక షెమాలోని మాటనే జవాబిచ్చినవాడు. యూదులు రాత్రి పండుకొనునప్పుడు ముప్పది యొకటవ కీర్తనలోనుండి తమ ఆత్మను దేవుని చేతికప్పగించు వచనమును చెప్పుకొందురు. సిలువ మీద ఆయన కడపటి శ్వాసలో పలికినది ఆ కీర్తనలోని మాటయే; ముందు తండ్రీ అని ఒక్క మాట తనది చేర్చెను.

ఏలీ కథకు తిరిగి వచ్చెదను. హన్నా తాను త్రాగలేదని, ఆత్మను కుమ్మరించుకొనుచున్నానని చెప్పినప్పుడు ఆయన వాదింపలేదు. వెంటనే మాట మార్చుకొని, సమాధానముగా పొమ్మని దీవించెను. దీనినుండి తాల్మూదు ఒక నియమము తీసినది: లేని తప్పును పొరుగువాని మీద మోపినవాడు వానిని సమాధానపరచవలెను, అంతమాత్రము చాలదు, దీవింపవలెను.

ఆ ప్రసంగీకునికి ఉత్తరము వ్రాసితిని. జవాబు ఇంకను రాలేదు. మా సంఘములో మాత్రము పోయిన ఆదివారము, పందిరిలో నేను నవ్విన సంగతి నిలువబడి చెప్పితిని. ఆ పెద్ద వెనుక వరుసలో కూర్చుండెను. పరలోక ప్రార్థన ప్రారంభించుటకు ముందు కొంతసేపు ఊరకుందమని చెప్పితిని. గంట సేపు కాదు. మా వారికి అంత ఓపిక లేదు, నాకును లేదు. బయట ఎవరిదో మేక అరచుచుండెను. ఒక బిడ్డ దగ్గెను. తరువాత అందరము కలిసి మొదటి మాట పలికితిమి.